ముందుగా నోరు విప్పాల్సింది ఎవరు?

"పిన్నీ, ఆఫీసులో రాజకీయాలు మాట్లాడుతుంటే ఏం చెయ్యాలి?"

అడిగింది మా అక్క కొడుకు. డాలస్ దగ్గర ఒక కంపెనీలో హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్నాడు. కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించారు కదా, ఆ వారం సంగతి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక సహోద్యోగి వీడివైపు తిరిగి, "మంచి పనే కదా! మా పిల్లలకి ఉద్యోగాలు మిగులుతాయి. నువ్వేమంటావ్?" అన్నాడట. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తినడం ఆపి వీడి ముఖంలోకి చూశారు. వీడు ఓ నవ్వు నవ్వి, సగం తిన్న డబ్బా మూతపెట్టుకుని లేచి వచ్చేశాడు.

"పిరికితనమంటావా?"

"అతనికి కావలసింది నీ అభిప్రాయమా? నీ ముఖం ఎలా మారుతుందో చూడ్డమా?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "ముఖమే అనుకుంటా."

"అయితే నువ్వతనికి జవాబు బాకీ లేవు."

"కానీ నేను నోరు మూసుకుంటే, మనవాళ్ళకి చెప్పుకోడానికేమీ లేదనుకుంటారు కదా?"

"మనవాళ్ళందరి తరఫునా నువ్వు వకాల్తా పుచ్చుకోలేదు. తెల్లవాడెవరైనా తప్పు చేస్తే పక్క సీట్లో ఉన్న తెల్లవాణ్ణి సంజాయిషీ అడుగుతారా? నిన్ను అడిగారంటే అన్యాయం అక్కడే ఉంది. 'ఇది నా బతుకు సంగతి, భోజనం దగ్గర చర్చించను' అని చెప్పు. కోపం అక్కర్లేదు, నవ్వూ అక్కర్లేదు. చెప్పేసి తిను. లేచి రావలసినవాడివి నువ్వు కాదు."

వాక్ స్వాతంత్ర్యం ఉన్న దేశం కదా అన్నాడు. చాలామంది మనవాళ్ళు ఇక్కడే పొరబడతారు. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. ప్రైవేటు కంపెనీకి అది వర్తించదు. ఉద్యోగికి అండగా ఉన్నది 1964 పౌర హక్కుల చట్టంలోని ఏడో భాగం. పదిహేను మందీ అంతకు మించీ పనిచేసే చోట జాతి, రంగు, మతం, స్త్రీ పురుష భేదం, పుట్టిన దేశం ఆధారంగా వివక్ష చూపకూడదంటుంది. పౌరసత్వం లేనివాళ్ళకీ అది వర్తిస్తుంది. వీసాలు తగ్గించాలనడం విధానం మీద అభిప్రాయం. మీ దేశానికి పొమ్మని నిన్ను పదేపదే అనడం వేరు. అలాంటిది జరిగితే ఆ సాయంత్రమే తారీఖు, అన్న మాట అన్నట్టుగా, విన్నవాళ్ళ పేర్లు సొంత పుస్తకంలో రాసుకోమన్నాను. ఫిర్యాదుకు గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300.

వాడు ఊరుకోలేదు. "ఇదంతా నా గురించి. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటుంది పిన్నీ. మా టీంలో ఒక నల్లజాతి అమ్మాయికి ప్రమోషన్ వచ్చింది. ఆవిడ గదిలో లేనప్పుడు ఒక పెద్ద ఉద్యోగి, 'రంగు చూసి ఇచ్చారు' అన్నాడు. రెండేళ్ళుగా ఆవిడ రాసిన కోడ్ చూస్తున్నాను. మాలో ఎవరికన్నా బాగా రాస్తుంది. అయినా నోరు మెదపలేదు."

"ఎందుకని?"

"ఉద్యోగం పోతే నాకున్నది 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి. నా భార్య కడుపుతో ఉంది. నువ్వయితే సుఖంగా సోఫాలో కూర్చుని ధర్మం చెబుతావు."

వాడన్నది న్యాయమే. ఒకే మాటకి నేను చెల్లించే ధరా, వాడు చెల్లించే ధరా ఒకటి కావు. అందరి నుంచీ ఒకే ధైర్యాన్ని అడగడం అన్యాయం. అలాగని బాధ్యత గాలిలో కలిసిపోదు, మోయగలిగినవాళ్ళ భుజం మీదికి వెళుతుంది. ఆ గదిలో పౌరసత్వం ఉన్నవాళ్ళున్నారు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళున్నారు. మాట్లాడాల్సిన వరుసలో వాళ్ళు ముందు, నువ్వు తర్వాత.

"2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో ఏం జరిగిందో గుర్తుందిగా?" అన్నాను. బార్‌లో కూర్చున్న మన శ్రీనివాస్ కూచిభొట్లని, ఆయన స్నేహితుడు అలోక్ మాడసానిని ఒకడు ఏ వీసా మీద వచ్చారని నిలదీశాడు. నా దేశం నుంచి పొమ్మని అరిచి కాల్పులు జరిపాడు. శ్రీనివాస్ చనిపోయాడు. దుండగుణ్ణి ఆపబోయి తూటా దెబ్బ తిన్నవాడు ఇయాన్ గ్రిల్లట్, అక్కడే ఉన్న ఒక అమెరికన్ కుర్రాడు. వీసా అడిగించుకోవలసిన అవసరం లేనివాడు లేచి నిలబడ్డాడు.

"అయితే నేను ఊరుకోవచ్చన్నమాట," అన్నాడు, కొంచెం తేలిగ్గా.

"ఆ గదిలో. మరి కార్లో?"

వీళ్ళు నలుగురు తెలుగువాళ్ళు ఒకే కార్లో ఆఫీసుకు వెళ్తారు. ఆ ప్రమోషన్ గురించి కార్లో ఏమనుకున్నారని అడిగాను. వాడు తల దించుకున్నాడు. ఆ పెద్ద ఉద్యోగి ఇంగ్లీషులో అన్నదే తెలుగులో ఇంకాస్త మోటుగా అన్నారట. 'నల్లోళ్ళకి చదవక్కర్లేదు, రంగుంటే చాలు' అని. కొత్తగా చేరిన కుర్రాణ్ణి ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, అవి చాలక 'మీరేమిట్లు?' అని కూడా అడిగారట. ఆ కుర్రాడు వారం తిరక్కుండా బస్సెక్కడం మొదలుపెట్టాడు.

"కార్లో నీకు వీసా భయం లేదు. మేనేజరు లేడు. వాళ్ళలో నువ్వే సీనియర్‌వి, కారు కూడా నీదే. అక్కడ బలవంతుడివి నువ్వు."

"వాళ్ళు నా స్నేహితులు పిన్నీ. జ్వరమొస్తే అన్నం వండి తెచ్చేది వాళ్ళే. దూరమైతే ఈ దేశంలో నాకెవరున్నారు?"

ఆ ఒంటరితనం నేను ఎరుగుదును. దాన్ని తీసిపారేయను. కానీ ఒక సంగతి చెప్పాను. భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. 1946లో పౌరసత్వానికి దారి తెరిచినా, వలస రావడానికి అనుమతి ఏడాదికి నూరు మందికే. నల్లజాతివారు వీధుల్లో లాఠీ దెబ్బలు తిని 1964 చట్టాన్ని సాధించుకున్నారు. దేశాల వారీ పాత కోటాల్ని ఎత్తేసిన వలస చట్టం ఆ మరుసటి ఏడే, అదే ఉద్యమపు ఊపులో వచ్చింది. మనవాళ్ళు వేలూ లక్షలుగా వచ్చింది ఆ దారినే. ఆ అమ్మాయి పెద్దల పోరాటం లేకపోతే ఆ కారూ లేదు, అందులో మీ నలుగురూ లేరు.

"ఏమని మొదలుపెట్టను?"

"ఉపన్యాసం ఇవ్వకు. 'ఆవిడ కోడ్ నేను చూశాను, ప్రమోషన్ ఆవిడకే రావాలి' అని చెప్పు. కులం అడిగితే 'నా కార్లో ఆ మాట వద్దు' అని చెప్పు. ఆ కుర్రాడికి ఫోన్ చేసి మళ్ళీ రమ్మను."

"వస్తాడంటావా?"

"రాకపోవచ్చు. అది అతని ఇష్టం."

వాడు కాసేపు ఆగి, "పౌరసత్వం వచ్చిన మనవాళ్ళు ఆఫీసుల్లో ఎందుకు మాట్లాడరు పిన్నీ?" అన్నాడు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ అణిగిమణిగి ఉండటం అలవాటైపోతుంది. కార్డు చేతికొచ్చాక కూడా ఆ అలవాటు వదలదు. నాకు తెలిసిన కారణం ఇదే, ఇది సమర్థన కాదు. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు, వద్దని గొంతెత్తినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. అంటే గొంతు లేక కాదు.

అందుకే ఈ మాట మా అక్క కొడుకుతో ఆపకుండా మీకూ చెబుతున్నాను. అమెరికా పాస్‌పోర్టు చేతికొచ్చినవాళ్ళూ, టీముల్ని నడిపేవాళ్ళూ, హెచ్-1బి కుర్రాణ్ణి ఎవరైనా భోజనాల బల్ల దగ్గర నిలదీస్తే ముందు మీరు జవాబివ్వండి. గదిలో లేని మనిషిని రంగు పేరుతో కించపరిస్తే మీరే అడ్డుపడండి. మీకు 60 రోజుల గడువు లేదు.