ఆకాశచిత్రము – ఆప్తవాక్యము

కన్నులార చూచినదే సత్యమని లోకమున ఒక నమ్మకము గలదు. అట్లయినచో కంటికి కానరానిదానిని చూపు ఛాయాచిత్రమును మనము ఎట్టి సత్యముగా గ్రహింపవలెను? అడవులమీదను, ఏటియొడ్డులమీదను, పల్లెపొలములమీదను పరచుకొన్న రాత్రి ఆకాశమును కెమెరాతో చిత్రించుట నేడు అనేకులకు ప్రియమైన వ్యాసంగమైనది. ఈ ప్రశ్న వారిది మాత్రమే కాదు. ఆ చిత్రములను చూచి నమ్ము మనందఱిది.

వంగదేశమునందలి ఖరగ్‌పూరు రైల్వేపట్టణమున ఇందా అను పేట కలదు. రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఈ పట్టణమున నివసించుచున్నవి. స్టేషను దీపములు, బజారు దీపములు రాత్రియెల్ల వెలుగు ఇట్టి చోట పాలపుంతను చూడగోరుట దుర్లభము. ఈ కొఱత ఒక్క ఊరిది కాదు. మానవజాతిలో మూడవవంతునకు పైగా జనులు తామున్న చోటినుండి పాలపుంతను చూడజాలరని 2016లో వెలువడిన ప్రపంచపటము ఒకటి తెలిపినది. పూర్వులకు ప్రతి ముంగిటను లభించిన దృశ్యమును నేటివారు చిత్రములలో వెదకుకొనవలసి వచ్చినది. కావుననే ఆ చిత్రముల సత్యాసత్యములను విచారించుట అవసరము.

ఇందానుండి ఉత్తరమునకు పోయి కంసావతీనది ఒడ్డునగాని, పడమటగా ఝార్‌గ్రామ్ సాలవృక్షముల నడుమగాని, మబ్బులేని అమావాస్యరాత్రి నిలిచిన యువకుని తలచుకొందము. అతని కన్ను చీకటికి పూర్తిగా అలవడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. అలవడిన పిదపను, మసకవెలుగున కన్ను రంగులను గుర్తింపజాలదు. వచ్చిన కాంతిని క్షణకాలమైనను కూడబెట్టజాలదు. కెమెరా అట్లు కాదు. దాని తలుపు తెఱచియున్నంతసేపు కాంతి బొట్టుబొట్టుగా చేరుచునే యుండును. కాని భూమి గంటకు 15 అంశలు తిరుగుచున్నది గదా! తలుపు అధికకాలము తెఱచినచో చుక్క గీతయగును. అందువలన కెమెరాను కదలక నిలుపువారు 500ను కటకముయొక్క నాభ్యంతరముచే భాగించి వ్యవధిని నిర్ణయింతురు. 20 మిల్లీమీటర్ల కటకమునకు 25 సెకనులు లభించును. ఆ కొద్దిపాటి ఓర్పునకే, కంటికి బూడిదవన్నె మరకవలె తోచిన పాలపుంత రంగులతో ప్రత్యక్షమగును.

ఈ చిత్రము అబద్ధమా? కాదు. కన్ను చూడకపోయినను ఆ వెలుగు నిజముగా వచ్చినది. కెమెరా దానిని కూర్చినది. కంటి కొలత సత్యమునకు హద్దు కాదు. మఱి, అదే యువకుడు ఏటియొడ్డును ఒక సాయంకాలము చిత్రించి, వేఱొక ఊర వేఱొక మాసమున తీసిన పాలపుంతను దానిపై అతికించి, ఇది ఒక రాత్రి దృశ్యమని చెప్పినచో? ఆ యొడ్డునకు ఆ వెలుగు ఆ విధమున రాలేదు. వచ్చిన వెలుగును కూర్చుట వేఱు, రాని వెలుగును చేర్చుట వేఱు.

చిత్రకారుడు కుంచెతో అట్లే చేయును గదా, అతనిని ఎవరు నిందింతురు? అని అడుగవచ్చును. చిత్రకారుడు తాను సాక్షినని చెప్పుకొనడు. ఛాయాచిత్రము చెప్పుకొనును. మన శాస్త్రకారులు ప్రమాణములను విభజించి, ప్రత్యక్షమును వేఱుగను, శబ్దమును వేఱుగను నిలిపిరి. ఛాయాచిత్రము చూచువానికి ప్రత్యక్షమువలె తోచును. విచారించినచో అది శబ్దప్రమాణమునకు దగ్గఱగా నున్నది. అనగా ఒకడు చెప్పుచున్నాడు, మనము నమ్ముచున్నాము. చెప్పువాడు ఆప్తుడైననే ఆ మాట ప్రమాణము. కావున తీసినవాని శీలము చిత్రములో ఒక భాగమే.

దీనికి మన తెలుగునాటనే గొప్ప నిదర్శనము గలదు. 1887లో పారిస్ నగరమున సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమునంతటిని ఛాయాఫలకములపై చిత్రించుటకు పూని, దానిని పట్టీలుగా విభజించి వివిధదేశముల వేధశాలలకు పంచిరి. నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన హైదరాబాదు నిజామియా వేధశాలకు ఖగోళమధ్యరేఖకు దక్షిణమున 17 మొదలు 23 అంశల వఱకు గల పట్టీ లభించినది. అనూరాధా నక్షత్రమందలి రెండు తారలు ఆ పట్టీలోనివే. కంటికి కడపటగా తోచు చుక్కకంటె నూరురెట్లు మసకయైన చుక్కలను సైతము ఫలకములపై పట్టి, కొలిచి, పట్టికలు వ్రాయుట ఆ కార్యము. ఏండ్లతరబడి సాగిన ఈ పనిని చూచి మెచ్చుకొనువారు అరుదు. ఆ ఫలకములు కంటికి ఇంపైనవి కావు. కాని ఏ చుక్క, ఏ నాడు, ఏ చోట నుండెనో అవి ఉన్నదున్నట్లు చెప్పినవి. 1989లో అంతరిక్షమునకు పంపబడిన హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలను నానాదేశముల పాత పట్టికలతో పోల్చి, 2000లో సుమారు 25 లక్షల నక్షత్రముల చలనమును లెక్కించి ప్రకటించిరి. ఆ పాత సాక్ష్యములలో హైదరాబాదు పట్టికయు ఒకటి. అందముకొఱకు ఒక్క చుక్కను జరిపియున్నను ఆ సాక్ష్యము చెడియుండెడిది.

వినోదముగా తీయు చిత్రమునకు ఇంత నియమమేల? అనరాదు. దానిని చూచు బాలుడొకడు గలడు. అతికించిన ఆకాశమును చూచి, ఇందాలోని మేడమీదికెక్కి తలయెత్తి, అది కానరాక, తన ఆకాశము దరిద్రమైనదనియో, పెద్దలు చెప్పునది కల్ల యనియో అతడు తలంచును. నిజము చెప్పినచో ఆ బాలుడే, ఇంత వెలుగు వచ్చుచుండగా నేనేల చూడలేకున్నాను? అని ప్రశ్నించును. ఆ ప్రశ్న అతనిని చీకటిగల చోటికి నడిపించును. ఊరి దీపములకు మఱుగులు కట్టవలెనను వివేకమును గూడ కలిగింపవచ్చును.

నియమము కఠినమైనది కాదు. పెక్కు చిత్రములను పేర్చి మసకను తొలగింపవచ్చును. అదే రాత్రి నేలకు ఎక్కువ వ్యవధి నిచ్చి రెండింటిని కూర్పవచ్చును. చేసినది చెప్పిన చాలును. చిత్రము క్రింద స్థలము, తేది, వ్యవధి, చేసిన కూర్పు నాలుగు మాటలలో వ్రాసినవాడు చూచువానిని తనతో ఆ చీకటిలో నిలుపుకొనుచున్నాడు. వేలయేండ్లు ప్రయాణము చేసివచ్చిన కాంతిని చేతులొగ్గి అందుకొనువానికి, దానికి తన కల్పనను కలుపకుండుటయే తగిన మర్యాద. మనము చూడని దానిని గూర్చి చెప్పువాడు మనకు కన్నువంటివాడు. అట్టివానికి సత్యమే చూపు.