ఆకలి పాలెంత, మన పాలెంత?



విచారణ పండుగనాటి విందును ఒకసారి గుర్తు చేసుకోండి. బిర్యానీ అయింది, పెరుగన్నమూ అయింది. "ఇక ఒక్క ముద్ద కూడా పట్టదు" అని విస్తరికి చేతులు అడ్డం పెట్టిన మనమే, గులాబ్‌జాముల గిన్నె రాగానే చేతులు తీసేస్తాం. కడుపులో అంతలోనే చోటెలా వచ్చింది? చోటు వచ్చింది కడుపులో కాదు, మెదడులో. తింటున్న రుచి మీద మోజు తగ్గుతుంది గాని, ఇంకా తినని రుచి మీద అంతగా తగ్గదు. బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1981లోనే దీనిని ప్రయోగం చేసి చూపించారు.

పండుగనాడు నవ్వుకొని వదిలేయవచ్చు. మా ఇంట్లో మాత్రం ఇది నవ్వులాట కాలేదు. మా నాన్నగారికి షుగరు వ్యాధి. రాత్రి అందరం పడుకున్నాక వంటింట్లో బెల్లం డబ్బా మూత చప్పుడయ్యేది. తెల్లవారాక అమ్మ "మీకు నోటి మీద అదుపు లేదు, సిగ్గూ లేదు" అనేది. పెద్దవాళ్ళమయ్యాక మేమూ అదే మాట అన్నాం. ఆయన తల వంచుకొని "తప్పేనమ్మా" అనేవారు. రాత్రికి మళ్ళీ అదే చప్పుడు. ఒకసారి నీళ్ళకని లేచి వెళ్ళి ఆయనను చూశాను. బెల్లం నోట్లో ఉంది, ముఖంలో మాత్రం సంతోషం లేదు.

సత్యోపదేశంలో ఏడు మూలపాపాలు వల్లించేటప్పుడు భోజనప్రియత్వం అన్న మాట దగ్గర పిల్లలం నవ్వుకునేవాళ్ళం. నాన్నగారు ఆ బెల్లం సంగతి పాపసంకీర్తనంలో ఎన్నిసార్లు చెప్పుకున్నారో దేవునికే ఎరుక. ఆయనది నిజంగా పాపమేనా? ఆయన పోయి చాలా ఏళ్ళయినా ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చారు. మీట నొక్కితే ఆ చోట కొద్దిపాటి విద్యుత్తు తగులుతుంది. ఎలుకలు ఆ మీటను గంటకు వందలసార్లు నొక్కాయి. మెదడులో సుఖస్థానం దొరికిందని చాలామంది అనుకున్నారు. అసలు సంగతి తరువాత తేలింది. అమెరికాలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా పోయిన ఎలుకలను పరీక్షించారు. అవి తమంతట తాము తిండి జోలికి పోవు. నాలుక మీద తీపి వేస్తే మాత్రం ఎప్పటిలాగే ఇష్టంగా చప్పరిస్తాయి. అంటే కోరడం వేరు, ఆస్వాదించడం వేరు. రెండవది లేకుండా మొదటిది మనిషిని వంటింటి దాకా నడిపించగలదు. ఇది చదివిన రోజు నాకు నాన్నగారి ముఖమే కనిపించింది.

మరో సంగతి చెబుతాను. మన కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోను ద్వారా "నిల్వ చాలు" అని మెదడుకు కబురు పంపుతాయి. జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీని జన్యువును 1994లో కనుగొన్నది. పుట్టుకతోనే ఈ హార్మోను లేని పిల్లలు కొందరు ఉన్నారు. వారికి తీరని ఆకలి. ఎంత తిట్టినా, ఎంత దాచినా తిండి కోసం వెతుకుతూనే ఉంటారు. లెప్టిన్ సూది మందుగా ఇస్తే ఆ ఆకలి దిగిపోయింది. ఇలాంటి పిల్లలు బహు అరుదు, నిజమే. అయినా సూదిమందుతో పోయినదాన్ని పాపం అని ఎలా అంటాం?

13వ శతాబ్దపు పునీత తోమా అక్వినాసు ఇక్కడ ఒక గీత గీశారు. దేహానికి సహజంగా పుట్టే ఆకలి బుద్ధి మాట వినదు, కాబట్టి అందులో పుణ్యమూ లేదు, పాపమూ లేదు. బుద్ధి చెబితే వినగలిగి కూడా హద్దు మీరిన కోరికే భోజనప్రియత్వం. డోపమైన్ పేరైనా తెలియని కాలంలో ఇంత సున్నితంగా ఆలోచించారంటే నాకు ఆశ్చర్యమే. చిక్కల్లా ఆ గీత ఎవరిలో ఎక్కడ పడుతుందన్నదే. పక్కవాడి విస్తరి చూసి అది చెప్పలేం.

అలాగని అంతా మెదడు మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని వైద్యశాలలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. వడ్డనలో చక్కెర, కొవ్వు, ఉప్పు సమానంగా చూశారు. ఎంత కావాలంటే అంత తినవచ్చు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. మనుషులు వారే, మారింది ముందున్న పళ్ళెం. ముద్ద నోటి దగ్గరకు వచ్చాక మనకు మిగిలే స్వేచ్ఛ కొంచెమే కావచ్చు. సంచి పట్టుకొని బజారుకు వెళ్ళినప్పుడు, వడ్డించేటప్పుడు, "నా మీద ఒట్టు, ఇంకొక్కటి" అని బలవంతపెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ చివరి పనిని మనం మర్యాద అంటాం.

మా ఇంట్లో బెల్లం కొని తెచ్చింది నాన్నగారు కాదు. మా కాఫీలకు, మా అరిసెలకు మేమే తెచ్చుకునేవాళ్ళం. డబ్బా ఎప్పుడూ పొయ్యి పక్కన, ఆయన చేతికందే అరలోనే ఉండేది. దాన్ని అటక మీద పెడదామని గాని, మేమూ కొన్నాళ్ళు బెల్లం మానేద్దామని గాని మాలో ఒక్కరికీ తోచలేదు.