రెజొనేటర్ తొలగింపు: అనుపలబ్ధి విచారణ

అమెరికాలో డ్యూరామాక్స్, కమిన్స్ వంటి టర్బో డీజిల్ ఇంజన్లున్న పికప్ ట్రక్కుల యజమానులలో కొందరు, గాలి లోపలికి వెళ్ళే మార్గంలో ఉండే రెజొనేటర్‌ను తొలగించి, దాని స్థానంలో నున్నటి గొట్టాన్ని బిగించుకుంటారు. ఆ తరువాత కూడా ఇంజన్ యథాప్రకారం నడుస్తుంది, బరువు లాగుతుంది కనుక ఆ భాగం నిష్ప్రయోజనమైనదని నిశ్చయిస్తారు. ఒక వస్తువును తీసివేసినప్పుడు ఏ లోటూ తెలియకపోతే దానికి ప్రయోజనమే లేదనవచ్చునా అన్నది ఇందులో ఇమిడి ఉన్న ప్రశ్న; మీమాంసకులు, నైయాయికులు ఈ కోవకు చెందిన ప్రశ్నలను ఎంతో శ్రద్ధతో విచారించారు.

ఇరుకైన మెడ ద్వారా ప్రధాన గొట్టంతో కలిసే మూసిన గదిని రెజొనేటర్ అంటారు. మెడలోని గాలి బరువుగానూ గదిలోని గాలి స్ప్రింగుగానూ పనిచేయడం వల్ల ఆ గదికి తనదైన ఒక కంపన వేగం ఏర్పడుతుంది. అదే వేగంతో కంపించే ధ్వని గొట్టంలో పుట్టినప్పుడు గదిలోని గాలి ఎదురు కంపించి దానిని అణచివేస్తుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ (1821–1894) సంయుక్త నాదంలో దాగిన స్వరాలను వేరుచేసి వినడానికి ఇటువంటి బోలు గోళాలను వాడి, 1863లో వెలువడిన తన గ్రంథంలో వాటిని వివరించాడు. వినడానికి వాడిన ఆ సూత్రమే ట్రక్కులో వినబడకుండా చేయడానికి పనికివస్తున్నది. టర్బోచార్జర్‌లోని ఏడు రెక్కల చక్రం నిమిషానికి లక్ష సార్లు తిరిగితే, రెక్కలు సెకనుకు సుమారు 11,667 సార్లు గాలిని కోస్తాయి. అంతటి తీవ్రమైన ఈలను తగ్గించడానికి పెద్ద గది ఒక్కటి చాలదు కనుక చిన్న చిన్న గదులను వరుసగా అమరుస్తారు.

ఒక వస్తువు కనబడకపోవడం వల్ల అది లేదని తెలుసుకోవడాన్ని మీమాంసకులలో కుమారిలభట్టు అనుయాయులు అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణంగా, అంటే జ్ఞానసాధనంగా, అంగీకరించారు. అద్వైతులు కూడా దానిని స్వీకరించారు. అయితే ప్రతి అనుపలబ్ధీ ప్రమాణం కాదు. వెలుతురున్న నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు గాని, చీకటిలో కనబడలేదని చెప్పి లేదనరాదు. వస్తువు ఉండి ఉంటే తప్పక తెలిసేటంతటి అనుకూల స్థితిలో తెలియకపోవడమే యోగ్యానుపలబ్ధి.

ఈ నియమం యజమాని నిర్ణయంలో కొంత భాగాన్ని బలపరుస్తుంది. దృష్టఫలం, అంటే లోకంలో గోచరమయ్యే ప్రయోజనం, దొరికినప్పుడు అదృష్టఫలాన్ని, అంటే గోచరం కానిదాన్ని, కల్పించరాదని కూడా మీమాంసకుల సిద్ధాంతం. ధ్వని తగ్గింపు అనే దృష్టఫలం ఉండగా ఆ గదికి ఏవో గూఢమైన శక్తులను అంటగట్టడం భక్తే గాని విచారణ కాదు. టర్బో లేని ఇంజన్లలో గాలి గొట్టంలోని పీడన తరంగాలు సిలిండర్లు నిండే తీరును ప్రభావితం చేస్తాయి గాని, ఇక్కడ టర్బోచార్జర్‌లోని కంప్రెసర్ మధ్యలో ఉన్నందున దానికి ముందున్న రెజొనేటర్‌కు ఆ పాత్ర చాలా స్వల్పం. కనుక దానిని తీయడం వల్ల బలం తగ్గలేదన్న మాట నమ్మదగినదే. బలం పెరిగిందన్న మాట మాత్రం వేరు. ఈల హెచ్చుగా వినబడినప్పుడు వేగం హెచ్చినట్లు తోస్తుంది. బలాన్ని కొలిచే యోగ్యత చెవికి లేదు, డైనమోమీటరుకు ఉంది.

యోగ్యత లోపించే మరొక చోటు కాలం. ఫిల్టర్ దాటిన తరువాతి గొట్టంలో రెజొనేటర్ మూతిని సరిగా మూయకపోతే వడకట్టని ధూళి లోనికి చేరి కంప్రెసర్ రెక్కలను, పిస్టన్ రింగులను అరగదీస్తుంది. తొలినాటి ప్రయాణంలో ఈ అరుగుదల తెలిసే అవకాశమే లేదు.

అన్నిటికంటె లోతైన చిక్కు రెజొనేటర్ ఫలం స్వయంగా అభావరూపం కావడంలో ఉంది. ఆంధ్రుడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాన్ని, అంటే లేమిని, ఏడవ పదార్థంగా (తత్త్వవిభాగంగా) లెక్కించి, దాని నాలుగు భేదాలలో మొదటిదిగా ప్రాగభావాన్ని, అంటే వస్తువు పుట్టకముందు ఉండే లేమిని, పేర్కొన్నాడు. బయటికి రావలసిన ఈల రాకుండా ఆ లేమిని కాపాడడమే ఈ గది చేసే పని. సంధ్యావందనం వంటి నిత్యకర్మలకు కొత్త ఫలమేదీ లేదని, మానితే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం, కలుగుతుందని చెప్పే పక్షం వైదిక సంప్రదాయంలో ఉంది. ఆ పక్షానికి ఇంతకంటె దగ్గరి యాంత్రిక ఉదాహరణ దొరకడం కష్టం. అయితే నిత్యకర్మను మానిన దోషం మానినవానికే అంటుతుంది. ఇక్కడ ఈలను ఇష్టపడి కోరుకున్నవాడు యజమాని, తెల్లవారుజామున దానిని భరించేవారు వీధిలోని ఇతరులు. ఏ లోటూ లేదని పలికే యోగ్యత ఆ లోటు ఎవరికి కలుగుతుందో వారికే ఉంటుంది గనుక, ట్రక్కు నడిపేవాని అనుపలబ్ధి ఈ విషయంలో ప్రమాణం కాజాలదు.