ఇంకొకరి ముక్కు

"నా నోరు వాసనొస్తుందా?" అని పెదనాయిన అడిగాడు. "ఏం వస్తలేదు" అంది పెద్దమ్మ. ఆ గదిలో నేనూ ఉన్నాను. వస్తోంది. తడిసిన యూరియా బస్తా విప్పితే ముక్కుకు కొట్టే ఘాటు లాంటిది. పోలిక ఊరికే చెప్పలేదు: కిడ్నీలు బయటకు పంపలేని యూరియా లాలాజలంలోకి చేరితే, నోట్లోని బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. ఆయన బోధన్ నుంచి నిజామాబాద్‌కి డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు వెళ్తాడు.

ఏడాదిగా ఇంట్లో కూరల మీద గొడవ. పోపు వేస్తుంటే "ఏం మాడుతుంది?" అంటాడు. వంకలు పెడుతున్నాడని పెద్దమ్మ అనుకుంది. నిజం చెప్పాలంటే నేనూ అనుకున్నాను. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో వాసనల్ని గుర్తుపట్టే శక్తి తగ్గుతుందని తర్వాతెప్పుడో చదివాను. ఏదో వాసన వస్తోందని తెలుస్తుంది, దేనిదో తెలియదు. జబ్బు ముదిరితే ఆ 'ఏదో' కూడా సన్నగిల్లుతుంది. తిండి మీద మనసు పోతుంది, ఒళ్ళు చిక్కుతుంది. అన్నిటికన్నా నన్ను ఆపిన సంగతి వేరే: తమకు వాసన తగ్గిందన్న ఎరుకే చాలామందికి ఉండదట.

మరి ఆయనకెలా తెలియాలి? బోధన్‌లో ఒకప్పుడు ఊరంతటికీ ఒకే వాసన ఉండేది. 1937లో పెట్టిన నిజాం షుగర్స్‌లో చెరుకు ఆడుతున్నన్ని రోజులూ శక్కర్‌నగర్ వైపు మడ్డి వాసన. పెదనాయిన అక్కడే పనిచేశాడు. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది. ఇప్పుడాయన "ఊరికి వాసనే లేకుంట పోయింది" అంటే, పోయింది ఫ్యాక్టరీయా, ముక్కా? (రెండూను.)

ఇంద్రియాల్లో అన్నిటికన్నా తేలిగ్గా వదులుకోగలిగింది వాసనేనని 1798లో కాంట్ రాశాడు. సుఖాల లెక్కలో సరే. విరిగిన పాలు, లీకయ్యే గ్యాసు, సొంత నోరు — వీటి సంగతి చెప్పేదెవరు?

పెద్దమ్మ అబద్ధాన్ని నేను తప్పుపట్టలేను. సూదులతో చెయ్యంతా గట్టిపడిపోయిన మనిషికి ఇంకో మాట ఎందుకని ఆమె బాధ. కానీ ఆయనకు మిగిలిన ముక్కు ఆమెదే. అది కూడా ఆయన్ని మోసం చేస్తే?

మొన్న నన్నడిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా."

"వస్తుంది పెదనాయినా. జర."

కాసేపు ఊరుకున్నాడు. ఇంత ముఖం మీద చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది. అంతలో పప్పు గిన్నె నా వైపు జరిపాడు.

"గిది చూడు, ఖరాబయిందా?"