తీగ మరీ బిగించకండి



మన దేశపు దూర పరుగు క్రీడాకారులు కొందరు శిక్షణకు ఊటీ వెళ్తారు. అది సముద్ర మట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తు. మొదటిసారి వెళ్లినవాడు కాస్త దూరానికే రొప్పుతాడు. "నా బలమంతా ఏమైపోయింది?" అని కుంగిపోతాడు. బలం ఎక్కడికీ పోలేదు. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ. ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. పంతం పట్టి పాత వేగంతోనే పరుగెడితే ఒళ్లు దెబ్బతింటుంది. భయపడి దిగొచ్చేస్తే ఫలం దక్కదు. వేగం తగ్గించి కొన్ని వారాలు ఓర్చుకుంటే ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి.

బుద్ధ భగవానుని కాలంలో సోణ భిక్షువుకూ ఇదే కష్టం వచ్చింది. అరికాళ్లు చిట్లి రక్తం కారేదాకా చంక్రమణం చేశాడు. ఫలం కనబడక, తిరిగి ఇంటికి పోదామనుకున్నాడు. ఆయన ఒకప్పుడు వీణ వాయించినవాడు. తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా వీణ పలకదు కదా అని భగవానుడు గుర్తుచేశారు. సోణుడు తన ప్రయత్నాన్ని సమం చేసుకుని అరహంతుడయ్యాడు.

ధ్యానానికి కూర్చున్న కొత్తల్లో మీ మనసూ రొప్పుతుంది. "ఇది నావల్ల కాదు" అని లేచిపోకండి. పళ్లు బిగబట్టి కూర్చోనూ వద్దు. ఈ రోజు పది నిమిషాలు చాలు. రేపు మళ్లీ కూర్చోండి. సమ్యక్ వ్యాయామం అంటే ఇదే.

నమో బుద్ధాయ!