కనిపెట్టుకొని యుండుట

తెలుగు బైబిలులో దేవుని సహాయమునకై వేచియుండువారి ప్రస్తావన వచ్చినచోట తరచుగా కానవచ్చు మాట ‘కనిపెట్టుకొని యుండుట’. ఈ మాటను నేను మందిరములో వినుటకు ముందే మా మిరపకళ్ళములో విని యుంటిని. చినుకు పడినచో కాయలను కుప్పజేయుటకును, మేకలు వచ్చినచో అదలించుటకును రాత్రియెల్ల కంబళి కప్పుకొని కూర్చుండు మా తాతను జూపి, ‘కళ్ళము కనిపెట్టుకొని యున్నాడు’ అనెడివారు. ఎదురుచూచువాని చూపు దారిమీద నుండును. కనిపెట్టువాని చూపు తనకు అప్పగింపబడిన దానిమీద నుండును. ఈ భేదము నాకు నలువదియేండ్లు దాటిన పిమ్మట, పక్షవాతముతో మంచముపట్టిన మా అమ్మ ప్రక్కన మూడున్నర సంవత్సరములు గడపిన పిమ్మటగాని బోధపడలేదు.

ఆ దినములలో స్వస్థతకై చేసిన ప్రార్థనలకు లెక్క లేదు. పరామర్శకు వచ్చినవారు ఒంగోలు కొండ కథను చెప్పి ధైర్యపఱచెడివారు. 1854 జనవరి 1వ తేదీ వేకువజామున అమెరికను మిషనరీయగు జూయెట్ దొరయు, ఆయన భార్యయు, మువ్వురు తెలుగు విశ్వాసులును ఆ కొండ నెక్కి, ఆ ప్రాంతమునకొక సేవకుని బంపుమని ప్రార్థించిరి. తెలుగువారి నడుమ గల తమ మిషనును మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు తర్కించి యప్పటికి ఏడాదియైనను నిండలేదు. పండ్రెండేండ్లకు, 1866లో, ఆ సేవకుడుగా క్లౌ దొర ఒంగోలు చేరెను. మరుసటి యేడు జనవరి 1న ఎనిమండుగురు సభ్యులతో అచట సంఘ మేర్పడెను. చెప్పువారు ఈ పండ్రెండేండ్లను ఒక్క ఊపిరిలో దాటించెడివారు. నాకు మాత్రము ఆ యైదుగురు కొండ దిగిన మరునాటి ఉదయమే మనస్సున మెదలెడిది. ఆనాడు జనవరి 2. కొండక్రింది పల్లెలు నిన్నటివలెనే యున్నవి. పొయ్యి రాజేయవలసియున్నది, దారి నడువవలసియున్నది. తమ నిరీక్షణకు తేదీ గలదని వారెరుగరు. ఫలము జూచినవారికి నిరీక్షణము సుందరగాథ. అందులో నున్నవారికి అది ఉత్త మంగళవారమో బుధవారమో.

ఈ కథకు ఉత్తరభాగ మొకటి గలదు. నాకు కొండకంటె నదియే ప్రియము. 1876-78 నాటి ఘోరక్షామమున క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు దీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. త్రవ్విన వారిలో మాదిగలు అనేకులు. వారిలో ఎందరో బాప్తిస్మ మడిగిరి. కూటికొఱకు మతము బుచ్చుకొనిరను నింద రాకుండుటకై, ఆయన ఏడాదికి పైగా ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. పిదప 1878 జులై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సభలలో ఈ సంఖ్యను జెప్పి చప్పట్లు కొట్టించువారిని జూచితిని. సంఖ్యలయందు మనకు గల మోజు అట్టిది! నేను మాత్రము ఆ నిరాకరణకాలమున, దేవుడేకాక దొరయు ‘ఆగుము’ అన్నప్పుడు, పార క్రింద పెట్టక మట్టిని తట్ట కెత్తినవారిని తలంతును. వారి ప్రార్థనలను ఎవ్వరును వ్రాసియుంచలేదు. వారికి కొండ లేదు. ఆకలియే పార పట్టించినదనుట నిజము. కాని కూలి ముగిసి, కరవు తీరిన వెనుకను వారు మరల వచ్చి యడిగిరి.

మా అమ్మ కోలుకొనలేదు. ఇది చెప్పక తప్పదు. స్వస్థత యేల రాలేదని అడుగుట నేను మానలేదు. కాని ఆ ప్రశ్నతోపాటు, రెండు గంటల కొకమారు ఆమెను ప్రక్కకు దిప్పుట, వీపున పుండు పడకుండ తుడిచి పౌడరు చల్లుట, గంజిని చెంచాతో పెదవి చివరనుండి పోయుట అను పనులు నా చేతికి వచ్చినవి. మొదట అడ్డంకులనుకొన్న యా పనులే నా ప్రార్థనకు మిగిలిన భాష యైనవి.

ఒకనాటి రాత్రి, మూడవ జామున, ఆమె కన్ను దెఱచి ఏదో యడిగెను. వంకరపోయిన నోట ‘ఉన్నా’ అనువఱకే స్పష్టముగా వచ్చినది. చివరి యక్షరము ‘వా’ యో ‘డా’ యో, నన్ను గూర్చి యడిగెనో దేవుని గూర్చి యడిగెనో తెలియలేదు. ‘ఉన్నానమ్మా’ అని దీపపు వత్తిని కొంచెము పెంచి, ఆమె ముఖము కనబడునట్లు పీటను దగ్గరకు జరుపుకొంటిని.