ఉయ్యాల త్రాడు

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చెప్పినాడు. తల్లియే యున్నచో శివుని విషము త్రాగనిచ్చునా యని ఆ శరణి కుమిలినది. ఆ మహాదేవునే పసిబిడ్డగా నెంచి, నీళ్లుపోసి, పాలుపట్టి, జోకొట్టినది. నిద్రపుచ్చుటయు ఆమెకు పూజయే.

శిశువు నిద్ర లోకమంతట నొక్కటే. నిద్రపుచ్చు తీరు మాత్రము దేశాచారమునుబట్టి మారును. తెలుగునాట చీర ఉయ్యాల, జోలపాట. జపానులో బిడ్డను తల్లిదండ్రుల నడుమ పరుండబెట్టుదురు. ఆ వరుసను మూడు గీతల 'నది' అక్షరముతో పోల్చుదురు. ఫిన్లాండులో చలికాలమునను వెచ్చగా కప్పి, బండిలో ఆరుబయట పగటినిద్ర పుచ్చుదురు. అమెరికాలో పెక్కుమంది వేరు గదిలో నుంచుదురు. 1992లో వెలువడిన ఒక పరిశోధనలో గ్వాటెమాలాకు చెందిన మాయా తల్లులు ఆ సంగతి విని ఆ శిశువులకై జాలిపడిరి.

కావున పరుల ఆచారమును తొందరపడి నిందింపరాదు. అట్లని ఆచారమెల్ల గ్రాహ్యమును కాదు. పూర్వము కూలికేగు తల్లులు కొందరు శిశువునకు నల్లమందు నాకించెడివారు, అది ప్రాణాంతకము. వెల్లకిల పరుండబెట్టవలెననియు, మెత్తని దిండ్లు చెంత నుంచరాదనియు నేటి వైద్యుల మాట. బూచిని పిలిచి భయపెట్టుటయు తగదు.

బసవేశ్వరుడు ధర్మమును దయతో కొలిచినాడు. ఆ దయ శిశువునకే కాదు, రాత్రి పలుమారులు లేచి, తెల్లవారగనే పనికి నడుము కట్టు తల్లికిని చెందవలెను. ఉయ్యాల త్రాడును తండ్రియు, అత్తయు అందుకొన్న ఇంట అదియు కాయకమే యగును.